గడిలో కూర్చునే మనిషి

కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో పెట్టారు. చుట్టూ పూలదండ బొమ్మ, కింద మరాఠీలో రెండు ముక్కలు. ఏదో పాత గుర్తింపు కార్డు మీది ఫోటో అది. నిటారుగా నిలబెట్టి తీసిన మొహం. ఎవరబ్బా ఈయన అనుకున్నాను. పధ్నాలుగేళ్ళుగా చూస్తున్న మనిషిని పోల్చుకోవడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. కారణం పెద్దదేమీ కాదు. ఆయన ఎప్పుడూ నేలమీద గొంతుక్కూర్చుని ఉండేవాడు, నేను చేతిలో హాజరు పుస్తకంతో నిలబడి ఉండేవాణ్ణి. నాకు ఆయన నడినెత్తి బాగా తెలుసు. మొహమే అంతగా తెలియదు.

పేరు రాయను. మాది బొగ్గు గనుల కాలనీ. లాల్‌పేటలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. భూగర్భ గనిలో ఊరే నీళ్ళను పైకి తోడే పంపు దగ్గర ఖలాసీగా చేశాడు, అందుకని పిల్లలకు పంపు కాకా. నేను ‘అన్నా’ అనేవాణ్ణి. ఆయన నన్ను ‘బాబూ’ అనేవాడు. అది ముద్దుపేరేమీ కాదు. గనిలో కలం పట్టిన ప్రతివాడూ బాబే. నేను హాజిరీ గదిలో టైంకీపర్ని.

పిల్లలకు ఖో-ఖో నేర్పించాలన్న ఆలోచన ఆయనది కాదు, నాదీ కాదు. మా ఎదురు క్వార్టర్‌లో ఒక మరాఠీ ఆవిడ ఉండేది, మేమంతా వహినీ, అంటే వదినా, అనేవాళ్ళం. చిన్నప్పుడు బడి జట్టులో ఆడిందట. కాలనీ ఆడపిల్లలు సాయంత్రమైతే మెట్లమీద కూర్చుని ఫోన్లు చూస్తున్నారని ఆమెకు ఒళ్ళుమంట. ఒక ఆదివారం ఆరేడు ఇళ్ళ తల్లిదండ్రుల్ని పోగుచేసింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారుగానీ, పక్కింటి పిల్లలతో కలిపి మన పిల్లలకు ఆట పెట్టి చూడు అని కూడా అనవలసింది. పదిమంది చేరితే పాము చావదు. నాలుగు వారాలు జట్టు పేరు దగ్గరే కొట్టుకున్నాం. చొక్కాల రంగు దగ్గర ఇద్దరు అలిగి వెళ్ళిపోయారు. మాకు దొరికిన స్థలం లారీలు ఆపుకునే ఖాళీ జాగా. పైన బొగ్గుపొడి, కింద చిట్టెం రాళ్ళు. నెలరోజులు అందరం వంగి రాళ్ళు ఏరాం. ఆ నెల నడుంనొప్పి నాకు ఇప్పటికీ ఉంది.

ఆయన ఆ నెల రోజుల్లో ఒక్కసారి కూడా నోరు విప్పి సలహా ఇవ్వలేదు. అందువల్లే గుర్తున్నాడు. మిగతా అందరం సలహాలే ఇచ్చాం. ఆటకు రెండు చివర్లా గుంజలు, మా మాటలో ఖంబాలు, పాతాల్సి వచ్చినప్పుడు గుంట తవ్వాడు. నేల గట్టిగా ఉంటే పిల్లల మోకాళ్ళు చీరుకుపోతాయని గని నుంచి బయటికి వచ్చే నీళ్ళ కాలువలో డబ్బాలు ముంచి తెచ్చి రోజూ చల్లేవాడు. రాత్రిపాళి దిగి, ఇంటికి పోకుండా, ఆ డబ్బాలు పట్టుకుని నేరుగా వచ్చేవాడు. పంపుల మోతకి చెవులు సగం పోయాయి. మెల్లిగా మాట్లాడటం చేతకాదు. రహస్యం చెప్పినా లారీ డ్రైవర్లకు వినిపించేది.

ఆయన కూతురు మా పిల్లలతోపాటే చేరింది. ఆ అమ్మాయికి ఆట మీద ధ్యాస లేదు, చర్చిలో పాటలమీదే ధ్యాస. ఎండాకాలం సెలవులు కూడా నిండకుండానే మానేసింది. తండ్రి మానలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

“అన్నా, నీ బిడ్డ రాదు గదా, నువ్వెందుకొస్తున్నవ్?”

“ఆమె పాడుకుంటది, నేను కూసుంట” అన్నాడు. “ఎవరి పని వాళ్ళకు.”

కూర్చోవడం అంటే ఏమిటో చెప్పాలి. ఖో-ఖోలో తరిమే జట్టుకి తొమ్మిదిమంది. ఎనిమిదిమంది రెండు ఖంబాల మధ్య గడుల్లో వరసగా గొంతుక్కూర్చుంటారు, ఒకరు ఇటు మొహం, ఒకరు అటు మొహం. తొమ్మిదో పిల్ల పరుగెడుతూ ఎవరి వీపు తట్టి ఖో అంటే వాళ్ళు లేచి తరమాలి. మా దగ్గర ఏనాడూ లెక్కకు సరిపడా పిల్లలు వచ్చింది లేదు. ఒకరికి జ్వరం, ఒకరికి పరీక్ష, ఒకరింట్లో చుట్టాలు. ఎవరు రాకపోతే వాళ్ళ గడిలో ఆయన కూర్చునేవాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, బాన పొట్ట, నూనె మరకల ఖాకీ ప్యాంటు. పదేళ్ళ ఆడపిల్లల మధ్య, వరసలో, తన వంతు దిక్కుకు మొహం పెట్టి.

“గడి ఖాలీ ఉండొద్దు బాబూ” అనేవాడు. “ఖాలీ ఉంటె పోరలకు లెక్క తప్పుతది.”

రాత్రిపాళి చేసి వచ్చిన మనిషి కదా, అలా కూర్చునే నిద్రపోయేవాడు. పిల్లలకు అదో సరదా. కావాలని పరుగెత్తుకు వచ్చి వీపుమీద చాచి కొట్టి “ఖో” అని అరిచేవాళ్ళు. ఆయన ఉలిక్కిపడి లేచి, రెండడుగులు వేసి, ఎటు పోవాలో తెలియక మళ్ళీ అక్కడే కూర్చునేవాడు. వరసంతా నవ్వేది. వహినీ ఈల వేసి మందలించేది. నేను తల పట్టుకునేవాణ్ణి. ఏమయ్యా, ఇది ఆటా, తమాషానా అనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పిల్లలు అంత పొద్దున్నే లేచి రావడానికి సగం కారణం ఆ వీపే.

చెవులు లేవన్నమాటేగాని, నేలమీద కూర్చుంటే ఆయనకు అన్నీ తెలిసేవి. పరుగెత్తే పిల్ల కనిపించనవసరం లేదు. “వహినీ, గా పోరిని కూసోబెట్టు, అడుగు బరువైంది” అనేవాడు, వెనక్కి తిరగకుండానే. చూస్తే ఆ పిల్ల నిజంగానే సోలిపోతూ ఉండేది. పంపు పాడవబోయే ముందు మోత మారుతుందట, చెవితో కాదు పాదంతో తెలుస్తుందట. ఆ విద్యే ఇక్కడా వాడాడు. మాలో ఇంకెవరికీ పిల్లల అలసట అంత తొందరగా తెలిసేది కాదు. మేం గెలుపు గురించి చూస్తున్నాం.

ఇక నా సంగతి. అందరికీ తలా ఒక పని పంచుకున్నప్పుడు హాజరు పుస్తకం నాకు వచ్చింది. మరెవరికి వస్తుంది? గనిలో భోంగా, అంటే సైరను, మోగిన పది నిమిషాలకు పుస్తకం మూస్తాం. ఆ తర్వాత వచ్చినవాడికి ల్యాంపురూంలో దీపం ఇవ్వరు, దీపం లేనివాడు కిందికి దిగడానికి లేదు, ఆ రోజు పని పోయినట్టే. ముప్పై ఏళ్ళు అదే చేశాను. పిల్లల ఆటకూ అదే పెట్టాను. గని భోంగా కాలనీ అంతా వినిపిస్తుంది కాబట్టి వేరే గంట కూడా అక్కర్లేదు. గనిలో నా పాళి ఎనిమిదికి. ఇక్కడ పొద్దున ఆరు గంటల భోంగా, ఆరూ పదికి పుస్తకం మూత. ఆలస్యంగా వచ్చిన పిల్ల వెనక్కి. మూడుసార్లు వెనక్కి పోతే పేరు కొట్టివేత. తల్లిదండ్రులందరూ బ్రహ్మాండం అన్నారు. మాకు తెలిసిన క్రమశిక్షణ అదొక్కటే మరి. గనిలో బతికినవాళ్ళం, ఆటలో కూడా గనినే తెచ్చి పెట్టుకున్నాం.

ఆయన ఒక్కడే బుర్ర గోక్కున్నాడు. “బాబూ, ఈడ మనం బొగ్గు తీస్తలేం గదా” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పల్లవి అని ఒక పిల్ల ఉండేది. క్వార్టర్ల పిల్ల కాదు, రైలు పట్టాల అవతలి బస్తీ. తల్లి బొగ్గు డిపోలో కూలి. ఆ పిల్ల లారీల జాగా పక్కనుంచి పోతూ మా ఆట చూసి, ఒకరోజు అడగకుండానే వచ్చి వరసలో కూర్చుంది. ఖంబా దగ్గర గాలిలో తిరిగి ఒంటికాలి మీద దిగేది, చూసి వహినీ నోరు తెరిచింది. మా పిల్లలెవరూ ఆ పిల్లకు సాటి కాదు. నా చిన్న కూతురు అసలే కాదు. అది చెప్పడానికి ఇప్పుడు నాకు మొహమాటం లేదుగానీ అప్పుడు ఉండేది.

వాళ్ళ బస్తీకి నీళ్ళు ఆరు గంటలకే వచ్చేవి. తల్లి అప్పటికే పనిలోకి పోయేది. నాలుగు బిందెలు పట్టి, మోసి, అప్పుడు పరుగెత్తుకు వచ్చేది పల్లవి. ఆరూ పదిహేను, ఆరూ ఇరవై. మొదటిసారి వెనక్కి పంపాను. రెండోసారీ పంపాను. ఆ పిల్ల ఏమీ అనలేదు, తడి గౌను పిండుకుంటూ వెళ్ళిపోయింది. మూడోసారి ఆలస్యమైనప్పుడు నేను పుస్తకం మూసి ఇంటికి పోయాను. సాయంత్రం పల్లవి పేరు మీద గీత గీసి, వాళ్ళ బస్తీ వైపు పోయే ఒక చిన్నపిల్లతో కబురు పంపాను. కబురు మామూలుగా పంపి ఉంటే సరిపోయేది. “రేపటి నుంచి రావద్దని చెప్పు. నీళ్ళు మోసుకునేటోళ్ళకు ఆటలెందుకని చెప్పు” అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ చిన్నపిల్ల అక్షరం పొల్లుపోకుండా చెప్పి వచ్చింది, ఎవరన్నారన్నది తప్ప.

ఎందుకన్నానంటే ఏం చెప్పను? ఆ వారంలోనే వహినీ ఖంబా దగ్గర మొదటి చోటు నా కూతురికి కాకుండా పల్లవికి ఇచ్చింది. అంతకంటే కారణం లేదు.

పల్లవి రావడం మానేసింది. జిల్లా పోటీలు ఐదు వారాల్లో ఉన్నాయి. ఆమె గడిలో పంపు కాకా కూర్చున్నాడు. పోటీలో అలా కూర్చోవడానికి లేదు కదా. తల్లిదండ్రుల్లో గుసగుసలు మొదలయ్యాయి. నిన్నటిదాకా నియమం బ్రహ్మాండం అన్నవాళ్ళే, బాబు మరీ గట్టివాడండీ అన్నారు. వహినీ నా మొహంమీదే చెప్పింది, నువ్వు పోయి పిలుచుకు రావాలని. నేను పోనన్నాను. ఒక్క పిల్ల కోసం నియమం మారుస్తారా అని అరిచాను. కోపంగా ఉన్నవాడికి ఎవరూ ఎదురు చెప్పరు, అదొక సౌకర్యం.

మర్నాడు ఆట అయిపోయాక పంపు కాకా నా కోసం ఆగాడు. మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఏదైనా కష్టమైన మాట చెప్పాలంటే ముందు మొహం తుడుచుకోవడం ఆయన అలవాటు.

“పల్లవి ఒస్తది బాబూ, రేపట్నించి” అన్నాడు.

“నువ్వు పోయినవా అన్నా?”

“పోయిన. నిన్న నాల్గింటికి వాళ్ళమ్మ కూడ ఇంట్లనే ఉండె. చాయ్ పోసింది.” తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “గా మాట నేనే అన్న అని చెప్పిన.”

“ఏ మాట?”

“నీళ్ళు మోసేటోళ్ళ మాట. పేరు కొట్టెయ్యమన్నది గూడ నేనే అన్న. హాజిరీ బాబు నాతోని గట్టిగ కొట్లాడి నన్ను మాఫీ అడగనీకె తోలిండు అని చెప్పిన.”

ఆయన మామూలు గొంతుతోనే చెప్తున్నాడు, అంటే లారీల దాకా వినిపించేటట్టే. నేను చుట్టూ చూశాను ఎవరైనా విన్నారేమోనని. నా మొదటి భయం అది. దాచను.

“ఎందుకన్నా అట్ల చెప్పినవ్?” అన్నాను చివరికి.

“మరేం జెయ్యాలె? పుస్తకం మీ చేతిల ఉంటది. రోజు పొద్దుగాల పోరి మీ ముందట నిలవడి హాజరు చెప్పాలె. మీ మీద కోపం ఉంటె ఎట్ల నిలవడ్తది? నాల్గు దినాలొచ్చి మల్ల పోతది. నా మీద కోపముంటె ఏమైతది? నేను కూసునేటోన్ని. నా మొకం చూడకున్నా ఆట నడుస్తది.”

“నేను పోయి చెప్పేస్త.”

“వద్దు. ఇప్పుడే ఒప్పుకున్నది. పోటీలు కానియ్యిండి.” మళ్ళీ మొహం తుడుచుకున్నాడు. “ఒక్కటి మాత్రం జెయ్యిండ్రి బాబూ. ఆరుకాడ ఆరున్నర పెట్టుండ్రి. భోంగా గనికి, మనకు కాదు.”

ఆరున్నర పెట్టాను. ఆ ఒక్క మార్పుతో అందరూ నన్ను మెచ్చుకున్నారు, బాబు మనసు మంచిదే అని. పల్లవి వచ్చింది. నా ముందు నిలబడి, సిగ్గుగా నవ్వి, “హాజర్ కాకా” అంది. వరసలో ఆయన పక్క గడి ఖాళీగా ఉంది. అక్కడ కూర్చోకుండా, అవతలి చివరికి పోయి ఇంకో పిల్లను జరగమని కూర్చుంది. ఆయన చూసి, ఏమీ కానట్టు, తన దిక్కుకు మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి అదే వరస. ఆ పిల్ల ఆయన్ని పలకరించేది కాదు. ఖో ఇవ్వాల్సి వస్తే, మిగతా పిల్లలు ఆయన వీపు మీద చరుస్తుంటే, ఈమె వేలి చివరతో తాకి వెళ్ళేది, అంటు అయినట్టు. ఆయన దానికే ఠక్కున లేచేవాడు. ఆమె చెయ్యి పడితే మాత్రం నిద్ర ఉండేది కాదు ఆయనకు. ఇది నేను ఒక్కణ్ణే గమనించాను. గమనించి ఊరుకున్నాను.

జిల్లాలో మూడోస్థానం వచ్చింది. ఆ తర్వాతి ఏడాది రెండో స్థానం. పల్లవిని చూసి ఒక పెద్ద బడివాళ్ళు హాస్టల్లో పెట్టుకున్నారు. పోటీలు అయిపోయాక పల్లవికి చెప్పేద్దామనుకున్నాను. అయిపోయాయి. తర్వాతి పోటీలు అయిపోయాక అనుకున్నాను. అవీ అయిపోయాయి. నా కూతురు పదో తరగతిలో ఆట మానేసింది. చొక్కాల రంగు దగ్గర అలిగిన వాళ్ళు మళ్ళీ వచ్చారు, వచ్చినవాళ్ళు మళ్ళీ అలిగారు. వహినీ వాళ్ళకు ఘుగ్గుస్ గనికి బదిలీ అయింది. ఎవరు పిల్లల్ని పంపుతారు, ఎవరు నీళ్ళు చల్లుతారు, ఎవరు ఖంబాలకు సున్నం వేస్తారు అని ప్రతి ఎండాకాలం అవే మాటలు. ఒక పనిని నిలబెట్టడమంటే రోజూ అదే పనిని మళ్ళీ మొదలుపెట్టడమని నాకు ఆ పదేళ్ళలో తెలిసింది. విసుగొచ్చేది. చాలాసార్లు పుస్తకం పారేసి పడుకుందామనిపించేది. పొద్దున్నే వెళ్ళి చూస్తే ఆయన డబ్బాలతో నీళ్ళు చల్లుతూ ఉండేవాడు. ఇంక చేసేదేముంది, పుస్తకం తెరిచేవాణ్ణి.

మూడేళ్ళ కిందట పల్లవిని పోలీసు భర్తీలో తీసుకున్నారు. గడ్చిరోలి వైపు పోస్టింగు. ఆర్డరు రాగానే పాలకోవా పేడాల డబ్బా పట్టుకుని వచ్చింది. నేనూ పంపు కాకా జాగా పక్కన మోరీ కాలువ గట్టుమీద కూర్చుని ఉన్నాం. ఆయన అప్పటికి రిటైరయ్యాడు, నాకింకా ఏడాది ఉంది. పిల్లలు ఆడుతున్నారు. పల్లవి వచ్చి వంగి నా కాళ్ళకు దండం పెట్టింది.

“బాబు కాకా, మీరు ఆ రోజు నా కోసం కొట్లాడకపోతె నేను ఇయ్యాల డిపోల బొగ్గు ఏరుతుంటి” అంది. కళ్ళలో నీళ్ళు.

ఆయన నా పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె డబ్బా తెరిచి నాకు ఒకటి తినిపించింది. మిగతా డబ్బా నా చేతుల్లో పెట్టింది. ఆయన వైపు చూడలేదు. పిల్లల దగ్గరికి పోయి కాసేపు ఖంబా దగ్గర ఎలా తిరగాలో చూపించి వెళ్ళిపోయింది. నడిచి పోతున్నంతసేపూ ఆయన చూశాడు.

“అడుగు మంచిగ పడ్తుంది” అన్నాడు. “మోకాలు ఏం ఖరాబు కాలే.”

తర్వాత నా డబ్బాలోంచి అడక్కుండానే ఒక పేడా తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

“అన్నా, ఇంక చాలు. వెనకాలే పోయి చెప్పేస్తా” అన్నాను. లేవబోయాను కూడా.

నా మోకాలి మీద చెయ్యివేసి ఆపాడు. “ఇయ్యాల సంతోషంగ ఉన్నది పోరి. ఇయ్యాల చెప్తె మీరన్న మాటే మల్ల యాదికొస్తది ఆమెకు. నేనేం అడిగిన్నా మిమ్మల్ని?”

అడగలేదు. నిజమే. ఆయన ఏనాడూ అడగలేదు. లేవబోయిన నేను చప్పున కూర్చున్నాను. నాకు హాయిగా అనిపించింది. ఆపేవాడు ఉన్నాడు కాబట్టి లేవబోయానని, ఆపుతాడని తెలిసే లేచానని నాకు అప్పుడే తెలుసు.

నాకు తెలుగు రాత వచ్చిందంటే మా నాయన ఆదిలాబాద్ వైపు మేనత్త ఇంట్లో నన్ను ఐదేళ్ళు ఉంచి చదివించినందువల్ల. పల్లవికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఇది నేను మరాఠీలో రాయొచ్చు, అదీ వచ్చు. తెలుగులో రాస్తున్నాను. నేను ఎలాంటివాణ్ణో ఇక్కడికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆయన పోవడం పెద్ద కథ కాదు. ఏడాదిగా దమ్ము, ఊపిరాడని ఆయాసం. నీళ్ళ డబ్బాలు మొయ్యడం మానేశాడు, అయినా పొద్దున్నే వచ్చి గట్టుమీద కూర్చునేవాడు. గొంతుక్కూర్చోలేనందుకు బాధపడేవాడు. రెండు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. చూడటానికి పోతే ముక్కుకు గొట్టం. అంత పెద్ద గొంతు ఒక్కసారి కూడా వినిపించలేదు. చెయ్యి ఊపి నన్ను దగ్గరికి పిలిచి చెవి దగ్గర, “ఆరున్నరే ఉంచుండ్రి, మార్చొద్దు” అన్నాడు. ఆయన జీవితంలో మెల్లిగా మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే.

ఫోటో వచ్చింది బుధవారం సాయంత్రం. పోల్చుకున్నాక నాకు మొదట గుర్తొచ్చింది పల్లవి. ఆమె నెంబరు నా దగ్గర ఉంది. మా గ్రూపులో ఆమె లేదు, ఆమెకు చెప్పేవాళ్ళు నేను తప్ప ఇంకెవరూ లేరు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చేస్తే ఏమవుతుంది? ఆమె రాదు, ఆయన మీద కోపం కదా. రావాలంటే నిజం చెప్పాలి. చెప్తే వస్తుంది. వస్తే రేపు శవం పక్కన, అందరి ముందు, నా మొహం చూస్తుంది. ఫోన్ బల్లమీద పెట్టాను. పాపం, పిల్ల ఎక్కడో అడవుల్లో డ్యూటీలో ఉంటుంది, ఏం వస్తుందిలే అనుకున్నాను. మనసుకు సాకు దొరికితే కాళ్ళకు బరువుండదు.

గురువారం పొద్దున సమాధుల తోటకు చాలామంది వచ్చారు. గనివాళ్ళు, చర్చివాళ్ళు. మా దగ్గర ఆడి పెళ్ళిళ్ళయిపోయిన పిల్లలు చంకల్లో పిల్లలతో వచ్చారు. వహినీ ఘుగ్గుస్ నుంచి వచ్చింది. పాస్టరుగారు ఆయన మంచి విశ్వాసి అన్నారు, కార్మిక నాయకుడు మంచి కార్మికుడన్నాడు. ఆయన కూతురు పాట పాడింది, చాలా బాగా పాడింది. పెట్టెను దించాక ఒక్కొక్కరుగా పిడికెడు మట్టి వేశారు. ఆ పిల్లల వంతు వచ్చినప్పుడు ఒకామె మట్టి వెయ్యబోతూ, “ఖో” అనబోయి ఏడ్చేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఏడ్చారు. నా వంతు వచ్చింది. మట్టి తీసుకున్నాను, వేశాను. వహినీ నా పక్కకు వచ్చి, “పల్లవి రాలేదేం?” అంది. అప్పుడు కూడా, సమాధి అంచున నిలబడి కూడా, “సెలవు దొరకలేదేమో” అన్నాను.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు జాగాకు పోయాను. పిల్లలు వచ్చారు. హాజరు తీసుకున్నాను. నేల పొడిగా ఉంది. ఎవరూ నీళ్ళు చల్లలేదు. పరుగెత్తగానే బొగ్గుపొడి లేచి కళ్ళలో పడింది, ఒక చిన్నపిల్ల కళ్ళు నులుముకుంటూ కూర్చుండిపోయింది. ఆ పిల్ల కళ్ళు కడిగి, ఆట మధ్యలోనే ఆపి అందర్నీ ఇంటికి పంపేశాను. గట్టుమీద కూర్చుని పల్లవికి ఫోన్ చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో తెలిసే చేశాను.

“బాబు కాకా! మంచిగున్నరా?” అంది. ఆ గొంతులో సంతోషం విని ఇంకొక్కసారి వెనక్కి తగ్గాలనిపించింది.

చెప్పాను. ముందు ఆయన పోయాడని చెప్పాను. “అవునా” అంది, తెలియనివాళ్ళ చావు విన్నట్టు. తర్వాత మిగతాది చెప్పాను. పేరు కొట్టేసింది నేనని. నీళ్ళు మోసుకునేటోళ్ళ మాట నాదని, నా నోట్లోంచి వచ్చిందని, నా కూతురికి చోటు దక్కలేదని అన్నానని. ఆయన మీ ఇంటికి వచ్చి చెప్పినదంతా అబద్ధమని, నేనెవరితోనూ కొట్లాడలేదని. పేడాలు తెచ్చిన రోజు ఆయన నా పక్కనే కూర్చుని నన్ను చెప్పనివ్వలేదని చెప్పబోయి, మళ్ళీ ఆయనమీదకే నెడుతున్నానని ఆపేశాను. “చెప్పాల్సింది నేను. చెప్పలేదమ్మా. నాకు ధైర్యం లేకపోయింది” అన్నాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

“నేను ఆయన్ని పద్నాల్గేండ్ల సంది పలకరియ్యలే” అంది చివరికి. నాతో అన్నట్టు కూడా లేదు.

“తెలుసు.”

“మట్టి ఎప్పుడు జేస్తరు?”

“అయిపోయింది. నిన్న పొద్దున.”

లైను తెగిందేమో అని ఫోన్ చూసుకున్నాను, తెగలేదు.

“నిన్న నాకు సెలవుండె కాకా” అంది పల్లవి.